ముప్పై నాలుగో నంబరు

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో మా ఇంటి నుంచి మిడిల్‌బర్గ్‌కి కారులో అరగంట పైచిలుకు. ఇడ్లీ పిండి దొరికే కొట్లు, డేటా సెంటర్లు దాటి రూట్ 50 ఎక్కితే చాలు, రాళ్ళు పేర్చిన గోడలు, గుర్రాలు, కనుచూపు మేర పచ్చిక. ఎనిమిదేళ్ళుగా లౌడన్ కౌంటీలో ఉంటున్నా ఆ ఊరంటే నాకు కాఫీ తాగి ఫొటోలు దిగే చోటు, అంతే. మొన్న నవంబర్‌లో మాత్రం తెల్లవారకముందే వెళ్ళాను, నక్కల్ని తరిమే వేటకుక్కల పోటీ చూడ్డానికి.

తీసుకెళ్ళింది మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దాయన. వేట రోజుల్లో ఆయనది రోడ్డు కాపలా. కుక్కలు కార్ల కింద పడకుండా ట్రక్కులో తిరుగుతూ చూడాలి. దార్లోనే ఒక జాగ్రత్త చెప్పాడు: డాగ్స్ అనకు, హౌండ్స్ అను, లేకపోతే మొహం మాడ్చుకుంటారు.

వెళ్ళేసరికి మైదానంలో అయిదు ట్రైలర్లు. అయిదు క్లబ్బుల నుంచి తలా పది కుక్కలు. వీళ్ళు జతల్లో లెక్కపెడతారు కాబట్టి మొత్తం 25 జతలు. ఒకటి తక్కువైతే 24న్నర అంటారట. ప్రతిదాని డొక్కకీ రెండు వైపులా పెద్ద పెద్ద అంకెలు రంగుతో వేసి ఉన్నాయి. గుర్రాల మీద వెంట వెళ్ళే జడ్జీలు ఏ నంబరు ముందు జాడ పట్టింది, ఏది చివరిదాకా నిలబడింది అని రాసుకుంటారు. మామూలు రోజైతే అంకెలతో పనిలేదు. కుక్కల్ని నడిపించే హంట్స్‌మన్‌కి తన గుంపులో ప్రతి కుక్కా పేరుతో సహా తెలుసు. ఈ రోజు ఆయనకి తెలిసినవి యాభైలో పది. మిగతా నలభైకీ ఆయన గొంతూ కొత్తే, ఆయన ఊదే జానెడు రాగి బూరా కొత్తే.

మా తాతగారిది కొల్లేటి వైపు. అక్కడ జోనంగి కుక్క పక్క వీధిలోకి వెళ్తే ఏమవుతుందో చూసినవాణ్ణి. స్థానబలిమి అనేది కుక్కల దగ్గరే నేర్చుకోవాలి. అందుకే ఇక్కడ రక్తపాతం ఖాయం అనుకున్నాను. ఒకటి రెండు గుర్రులు తప్ప ఏమీ జరగలేదు. వచ్చినప్పటి నుంచీ రాత్రిళ్ళు ఎవరి దొడ్లో వాటిని ఉంచి, పగలు మాత్రం అన్నిటినీ కలిపి నడకకి తీసుకెళ్ళారట.

అసలు చిక్కు కరుచుకోవడం కాదని తర్వాత తెలిసింది.

మొదటి గంట చూస్తే నవ్వొచ్చింది. యాభై కుక్కలూ పొదల్లోకి దిగాయి గానీ, అయిదు పెళ్ళిళ్ళు ఒకే సత్రంలో పెట్టినట్టుంది. ఎక్కడో ఒకటి గొంతు విప్పింది. దాని గుంపువి నాలుగైదు చటుక్కున తలెత్తి అటు పరుగెత్తాయి. మిగతావి తోకలాడిస్తూ ఉన్నచోటే నేల వాసన చూస్తున్నాయి. “అదెవరో వాటికి తెలీదు కదా, ఎందుకు నమ్ముతాయి?” అన్నాడు పెద్దాయన.

ఒకే దొడ్లో పెరిగిన కుక్కలకి ఎవరి మాట నిజమో తెలుసు. అనుభవమున్న కుక్క ఒక్కసారి పలికితే చాలు, అన్నీ వెళ్ళి గొంతు కలుపుతాయి. వాసన లేకుండానే అరిచేవీ ఉంటాయి. నాలుగుసార్లు మోసపోయాక వాటిని ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో సంపాదించుకున్న ఆ పరపతి పరాయి గుంపులో చెల్లదు. నిజాయితీపరుడూ అబద్ధాలకోరూ ఒక్కటే అక్కడ. మా కంపెనీని ఇంకొకళ్ళు కొన్నాక మొదటి మూడు నెలల మీటింగులు గుర్తొచ్చాయి.

1905లో ఈ చుట్టుపక్కలే ఒక పెద్ద పందెం జరిగింది. హిగిన్సన్ అనే ఆయన ఇంగ్లీషు జాతి కుక్కలు గొప్పవన్నాడు. హ్యారీ వూస్టర్ స్మిత్ అమెరికన్ జాతివే గొప్పవన్నాడు. ఇద్దరూ మసాచుసెట్స్ నుంచి తమ తమ గుంపుల్ని వర్జీనియాకి తెచ్చారు. చివరికి స్మిత్ గుంపే గెలిచిందన్నారు. కానీ రెండు గుంపుల్నీ కలిపి వదల్లేదు, రోజు మార్చి రోజు విడివిడిగానే పరిగెత్తించారు. ఆ పొద్దున చూశాక ఎందుకో అర్థమైంది. అంతకు ముందు జార్జి వాషింగ్టన్ కూడా తన కుక్కల దగ్గరికి పరాయివాటిని తెప్పించుకున్నాడు. 1785లో లాఫయెట్ ఫ్రాన్స్ నుంచి పంపినవి. భారీ ఆకారాలు, మహా కోపిష్ఠివి అని ఆయన పెంచిన మనవడు రాసిపెట్టాడు.

రోగాల భయం వేరే. 1999లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక క్లబ్బు కుక్కలు వరసగా జబ్బుపడితే, తేలింది ఏమిటంటే లీష్మానియా. మన బీహార్‌లో మనుషులకొచ్చే కాలా అజార్‌కి చుట్టం. మామూలుగా దాన్ని మోసేది దోమలాంటి ఒక ఈగ. ఇక్కడ అది కుట్టకుండానే కుక్క నుంచి కుక్కకి, తల్లి నుంచి పిల్లలకి పాకింది. తర్వాత చాలా రాష్ట్రాల్లో ఫాక్స్‌హౌండ్లలో బయటపడింది. అప్పట్లో కుక్కల్ని ఊళ్ళు తిప్పడమే ఆపేశారట.

తొమ్మిది దాటాక మంచు కరిగింది. చెరువు గట్టు దగ్గర పన్నెండో నంబరు గొంతు విప్పింది, ఎప్పట్లాగే దానివాళ్ళే వెళ్ళారు. ఇంతలో వేరే గుంపు నలభై ఒకటి అక్కడే ముక్కు పెట్టి, అదీ పలికింది. అంతే. ఇంకో గుంపువాడు సాక్ష్యం చెప్పేసరికి పొదల్లోంచి అన్నీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి. యాభై గొంతులు కలిస్తే దాన్ని మొరగడం అనలేం. ట్రక్కు అద్దం మీద చెయ్యి పెడితే అదురు తెలిసింది.

గుంపు మీద ఒక్క దుప్పటి కప్పితే అన్నీ దాని కింద ఉండాలంటారు వీళ్ళు. ఆ రోజు దుప్పటి చాల్లేదు, అర మైలు పొడవున సాగారు. ఇంగ్లీషు రక్తం కలిసిన సన్న కుక్కలు ముందు. పెన్-మేరీడెల్ అనే రకం బాగా వెనక. పొడుగు చెవులు, లోతైన గొంతు, ప్రతి అడుగూ వాసన చూసి గానీ కదలవు. ఈ రెంటినీ కలిపి ఎవరు నెమ్మది అని మార్కులేయడం నాకు న్యాయంగా తోచలేదు.

నక్క బొరియలో దూరింది. బూర ఊది కుక్కల్ని వెనక్కి పిలిచారు. ఇక్కడ తరమడమే గానీ చంపాలని చూడరంటారు, అయినా నక్కకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో వేటని 2005 నుంచి నిషేధించారు. ఆ పక్షం వాదనే నాకు దగ్గరగా అనిపిస్తుంది. అయినా ఆ అరుపు వినడానికి మళ్ళీ వెళ్తానేమో, అబద్ధం ఎందుకు.

ట్రైలర్ల దగ్గర లెక్కపెడితే 24న్నర. మెడలో జీపీఎస్ పట్టీ ఉంది కాబట్టి దారి తెలిసింది. మేం వెళ్ళేసరికి కంచె పక్కన ముప్పై నాలుగు, ముసలి పెన్-మేరీడెల్. గుంపు వెళ్ళిపోయి ముప్పావుగంట. ఎవరూ వినకపోయినా, అందరూ పోయిన జాడ మీదే అడుగడుక్కీ పలుకుతూ వస్తోంది. ఆపబుద్ధి కాలేదు. రోడ్డు దగ్గరయ్యేసరికి దిగి, రెండు చేతులా ఎత్తి ట్రక్కులో పడేశాను. ముప్పై కిలోలు ఉంటుంది. నా వైపు చూడనైనా లేదు, ముక్కు ఇంకా కిటికీ సందులోనే ఉంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ జాకెట్టు చూసి ఇదేం రంగు అంది. గుండె మీద నాలుగు అంకె తిరగబడి అచ్చు పడింది. రెండుసార్లు ఉతికినా పోలేదు.