నల్ల ఇసుక దగ్గర దొరికిన రంగులు

ఏం బొమ్మ వెయ్యాలో తోచక చాలాకాలం కాగితం ముందు ఊరికే కూర్చునేదాన్ని. వైజాగ్‌లో ఉండి సముద్రం వెయ్యవేం అని అందరూ అడిగేవారు. సముద్రం మొత్తాన్నీ ఒకేసారి చూస్తే నాకేదీ పట్టుబడేది కాదు. అందుకని రోజూ వాకింగ్‌కి వెళ్లే ఆర్‌కే బీచ్‌లోనే, కాళ్ల ముందున్న కాస్త జాగాని చూడటం మొదలుపెట్టాను.

మొదట నన్ను ఆపింది నల్ల ఇసుక. కెరటం వెనక్కి వెళ్తూ తేలికైన ఇసుకని లాక్కుపోతుంది. ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల రేణువులు నిలిచిపోతాయి. మన తీరం మీద కనిపించే నల్లటి చారలు అవే. వంగి చూస్తే ఆ నలుపులో ఊదా ఉంటుంది, గార్నెట్ ఎక్కువున్న చోట ముదురు ఎరుపు. నల్లరంగు ట్యూబు ముట్టుకోకుండా అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా కలిపి చూశాను. నీలం పాలు పెంచితే తడిచార, గోధుమ పాలు పెంచితే ఆరినచార. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో!

"ఏటమ్మా, ఇసకని సూసి గీత్తన్నావా?" అంటూ చేపల గంపతో వెళ్తున్న ఒకావిడ ఆగింది. తనూ వంగి చూసి, "నిన్నింత నలుపు నేదు. రేత్రి కెరటం పెద్దదొచ్చింది" అంది. అప్పట్నుంచి అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తున్నాను.

ఫోన్‌లో ఫొటోలు దాదాపు మానేశాను. ఎండలో తీస్తే నీడలన్నీ నల్లబడతాయి, తడి ఇసుక మీది ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది. వాటికి బదులు చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటాను: "ఆరున్నర. డాల్ఫిన్స్ నోస్ కొండ నీలిబూడిద, అంచు మసక. తొమ్మిది. కొండ ఆకుపచ్చ, అంచు స్పష్టం." రంగు కలిపేటప్పుడు ఫొటో కంటే ఈ రెండు ముక్కలే నాకు పనికొస్తాయి.

మన గాలిలో తేమకి వాటర్ కలర్ త్వరగా ఆరదు. ఇసుక వేసేవాళ్లకి అది వరమే. తడి కాగితం మీద రంగు మెల్లగా పాకి, కెరటం వదిలిన అంచులాంటిది దానంతటదే ఏర్పడుతుంది. కాగితం మాత్రం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఉండాలి, పలచనిదైతే ఉబ్బిపోతుంది.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల ఎరుపుకి కారణం ఐరన్ ఆక్సైడ్. నా పెట్టెలోని బర్న్ట్ సియెన్నాకి రంగునిచ్చేదీ అదే. ఇది తెలిశాక పిడికెడు మట్టి తెచ్చి నూరుకోవాలని మనసు లాగింది. కానీ అవి 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన దిబ్బలు. అక్కణ్ణుంచి చిటికెడు కూడా తియ్యకూడదని నా గట్టి అభిప్రాయం. ట్యూబు చాలు.

ఇప్పుడు చిన్న పీతల వెంట పడ్డాను. ఆటు వేళ బొరియ చుట్టూ ఇసుక ఉండల్ని వరసలుగా పేరుస్తాయి. నీళ్లు ఎక్కేలోపు స్కెచ్ పూర్తవ్వాలి కాబట్టి అక్కడ పెన్సిలే, రంగు ఇంటికొచ్చాకే.