నీలం మూత ట్యూబ్

తమ్ముడికి ఏఎల్ఎల్ (లుకేమియాలో ఒక రకం, అంటే రక్త క్యాన్సర్) అని తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న, ఇవాళ ప్లేట్‌లెట్లు ఎన్ని. తగ్గితే బ్లీడింగ్ అవుతుందనే భయమే తప్ప రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంటుందని మాకెవరికీ తెలీదు. ఆస్పరాజినేజ్ అనే కీమో మందు ఇంజెక్షన్లు మొదలయ్యాక ఒకరోజు తలనొప్పి అన్నాడు, నిద్రలేక అనుకున్నాం, మర్నాడు కూడా తగ్గకపోయేసరికి ఎంఆర్ఐ తీశారు, మెదడు సిరలో గడ్డ. అప్పటికి ప్లేట్‌లెట్లు 60 వేలే!

"అంత తక్కువున్నా గడ్డెలా కట్టింది సార్" అని నాన్న అడిగితే డాక్టర్ గారు ఓపిగ్గా కూర్చుని చెప్పారు, ఆ మందు వల్ల లివర్ తయారుచేసే ప్రోటీన్లు కూడా పడిపోతాయంట, గడ్డకట్టకుండా కాపాడే యాంటీథ్రాంబిన్ అందులో ఒకటి. డి-డైమర్ (గడ్డ కరిగేటప్పుడు రక్తంలోకి వచ్చే ప్రోటీన్ ముక్క) పెరగడం ఒక సూచనే గానీ లుకేమియాలో అది ఎలాగూ ఎక్కువే ఉంటుంది, ఒక్క నంబర్ పట్టుకుని తేల్చలేం, గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌తో కలిపి ఎటు పోతుందో చూస్తుండాలి అన్నారు.

ఆ టెస్టులకి లేత నీలం మూత ట్యూబ్. సిస్టర్ గారు గీత దాకా కరెక్టుగా నింపేవారు, లోపల ఉండే సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఒక వంతుకి రక్తం తొమ్మిది వంతులు ఉండాలి, లేకపోతే రిజల్ట్ తప్పొస్తుంది. కమిలిపోయిన వాడి చేతిలోంచి రక్తం చుక్కచుక్కగా వస్తుంటే ఆ గీత అందేదాకా నాకు ఊపిరాడేది కాదు.

కీమో నడుస్తున్నవాళ్ళు ఇంట్లో ఉంటే తలనొప్పి, ఒక్క కాలే వాయడం, ఆయాసం... ఏదైనా తెల్లారేదాకా ఆగకండి ప్లీజ్, వెంటనే చెప్పండి.

ఇప్పుడు రెండు పూటలా పొట్టకి హెపారిన్ (గడ్డకట్టకుండా ఆపే మందు) ఇంజెక్షన్ నేనే వేస్తున్నా. పొద్దున ఎడమవైపు వేశా, రాత్రికి కుడివైపు.