సర్టిఫైడ్ వ్యాగన్ఆర్ కొన్న, బేరం ఎట్ల ఆడిన్నో చెప్తున్న (నా అనుభవం)

సర్టిఫైడ్ సెకండ్ హ్యాండ్ కార్లకు (షోరూం వాళ్ళే చెక్ చేసి, రిపోర్ట్, వారంటీ ఇచ్చి అమ్మేటియి) బేరం ఉండదు, అద్దం మీద రాసిన రేటే రేటు అని మా స్టాఫ్ రూంల అందరు అన్నరు. నేను కొన్నంక చెప్తున్న, బేరం ఉంటది. కాకపోతే ఊర్ల బ్రోకర్ తోని ఆడినట్టు "ఒక యాభై వేలు తగ్గియ్" అంటే తగ్గియ్యరు, ఎందుకు తగ్గియ్యాల్నో కాయితం మీదనన్న బండి మీదనన్న చూపెట్టాలె, అప్పుడు రేటుల కొంత, వేరే రూపంల కొంత ఇస్తరు. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ సైడు నుంచి ఎల్బీ నగర్ పోయి బండ్లు చూసేటోళ్ళు మస్తుమంది ఉంటరు కదా, అందుకే జర వివరంగ రాస్తున్న.

నేను గవర్నమెంట్ హైస్కూల్‌ల లెక్కల టీచర్‌ని. ఉండేది నల్గొండల, స్కూలు మునుగోడు దిక్కు. మా అత్తమ్మకు మోకాళ్ళు అరిగినయి, చెకప్‌కు హైదరాబాద్ తీస్కపోవాలంటే ప్రతిసారి కిరాయి కారు, ఇగ సొంతంగ కొనాలె అనుకున్నం. వ్యాగన్ఆర్ ఎందుకంటే సీటు ఎత్తు మీద ఉంటది, పెద్దమనిషి వంగకుండ సీదా కూసుంటది, వేరే బండ్లల్ల ఎక్కించి చూసినం గని దిగేటప్పుడు ఆమెకు పానం పోయినంత పని అయితుండె. బడ్జెట్ అన్నీ కలిపి నాలుగున్నర లక్షలు. మా ఆయనకు ఎరువుల షాపు, "నడిపేది నువ్వు, లోన్ కట్టేది నువ్వు, నువ్వే మాట్లాడు, నేను వెంట వస్త" అన్నడు.

పోయేముందు ఒక లెక్క చేస్కున్న. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది, 1200 సీసీ లోపల పెట్రోల్ బండి, పొడుగు నాలుగు మీటర్లు దాటకుంటే ఇంతకుముందు 28 శాతం, దాని మీద 1 శాతం సెస్సు ఉండె, ఇప్పుడు అంతా కలిపి 18. కొత్త వ్యాగన్ఆర్ బేస్ మోడల్ ఎక్స్ షోరూం అప్పుడు 5 లక్షల లోపలికి వచ్చింది. కొత్తదే అంతకు దిగినప్పుడు ఆరేండ్ల పాత బండికి అంతకుముందు రేటు చెప్తే ఎట్ల? మా ఊరి షోరూంల కొత్తదాని కొటేషన్ కాయితం తీస్కొని బ్యాగుల పెట్టుకున్న. ఈ ఒక్క కాయితం తర్వాత మస్తు పని చేసింది.

మేం చూసింది అన్ని కంపెనీల బండ్లు అమ్మే ఒక సర్టిఫైడ్ షోరూం, పేరు రాస్తలేను. 2019 వ్యాగన్ఆర్, 1.2 ఇంజన్, పెట్రోల్, టీఎస్ 07 రిజిస్ట్రేషన్, 46 వేల కిలోమీటర్లు, రేటు 4,58,000. తెలంగాణ బండే చూడాలని నేను ముందే అనుకున్న, పాలమూరు దిక్కు మా చుట్టాలు కర్ణాటక బండి చవుకగ వస్తుందని తీస్కున్నరు, ఇక్కడ మళ్ళ లైఫ్ టాక్స్ కట్టి నంబర్ మార్చుకునేసరికి చవుక అంతా పోయింది. మన రాష్ట్రం బండి అయితే అదే నంబర్ ఉంటది, టాక్స్ మళ్ళ కట్టే పని లేదు.

మా వాడల మెకానిక్ తమ్ముడికి ఒక రోజు కూలి ఇచ్చి వెంట తీస్కపోయిన. మీరు కూడ తప్పకుండ తీస్కపోండి, షోరూం రిపోర్ట్ ఎంత మందంగ ఉన్నా మన మనిషి కండ్లు వేరు. ఆ తమ్ముడు పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టిండు, సల్లగున్నదా వెచ్చగున్నదా అని. వెచ్చగ ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టిన్రన్నట్టు, పొద్దున మొదటి స్టార్టింగ్‌ల వచ్చే కష్టం, పొగ మనకు కనిపియ్యదు. సల్లగనే ఉండె. ఆయిల్ మూత తిప్పి లోపల మీగడ లెక్క తెల్లగ ఏమన్న పట్టిందా చూసిండు, లేదు. తర్వాత ముందటి సీట్ బెల్ట్ మొత్తం, చివరిదాక గుంజిండు. నాకు అర్థం కాలే. "అక్కా, నీళ్ళల్ల మునిగిన బండి అయితే సీట్లు కడుగుతరు, మ్యాట్లు మారుస్తరు, గని బెల్ట్ లోపలి కొసకు బురద గీత అట్లనే ఉంటది" అన్నడు. 2020 అక్టోబర్‌ల సరూర్‌నగర్, మీర్‌పేట సైడు కాలనీలు ఎట్ల మునిగినయో చూసినం కదా, 2019 బండి అంటే అప్పటికే రోడ్డు మీద ఉంది. బెల్ట్ కొసదాక సాఫ్‌గ ఉంది. డిక్కీల మ్యాట్ లేపి స్టెప్నీ తీసి ఆ గుంతల కూడ చూసిండు, తుప్పు లేదు.

ఇగ దొరికినయి ఏందంటే, టైర్లు. టైరు పక్కకు గుండ్రంగ గీసిన చిన్న డబ్బాల నాలుగు అంకెలు ఉంటయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ముందటి రెండు 2023 వి, వెనుక రెండిటి మీద 4818 అని ఉంది, అంటే 2018 ల 48వ వారం, బండితోని వచ్చిన టైర్లే. రిపోర్ట్‌ల "టైర్లు 60 శాతం" అని రాసిన్రు, గాడి లోతు ఉండొచ్చు గని రబ్బరుకు వయసు అయిపోయింది, పక్కలకు సన్నగ పగుళ్ళు గోరు పెడితే తెలుస్తున్నయి. రెండోది, ఎడమ దిక్కు ఫెండర్ (ముందటి చక్రం మీది రేకు) బోల్టుల మీద పెయింటు లేచింది, పాన వెట్టి తిప్పిన గుర్తు. రిపోర్ట్‌ల దాని గురించి ఒక్క మాట లేదు.

అప్పుడు నేను సర్వీస్ హిస్టరీ అడిగిన. "మేడం సర్టిఫైడ్ బండికి హిస్టరీ ఎందుకు" అన్నడు సేల్స్ అబ్బాయి. సర్టిఫైడ్ కాబట్టే మీ దగ్గర ఉండాలె కదా బాబూ అన్న. కొంచెం సేపు అటిటు తిరిగి ప్రింట్ తెచ్చిండు. కిలోమీటర్లు వరుసగ సరిగ్గనే పెరిగినయి, మీటర్ తిప్పలేదు, అది మనసుకు నిమ్మళం అనిపించింది. 2021 ల ముందటి బంపర్ మార్చి ఎడమ ఫెండర్ పెయింట్ చేసినట్టు ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఉంది. పెద్ద దెబ్బ కాదని మా మెకానిక్ తమ్ముడు అన్నడు, ఛాసిస్ దగ్గర, డోర్ రబ్బరు గుంజి లోపల వెల్డింగ్ చుక్కలు అన్నీ చూసి చెప్పిండు. బండి మంచిదే. గని "నాన్ యాక్సిడెంట్" అని రాసి అమ్ముతున్నరు కదా, అది బేరానికి పనికొస్తది.

మాట్లాడే కాడికి వస్తే, ఆ అబ్బాయి ప్రతిదానికి మా ఆయన మొకం చూసి "సార్, సార్" అనుకుంట చెప్తుండె. మా ఆయన "మేడంకు చెప్పు తమ్మీ, కొనేది ఆమెనే" అన్నడు, అప్పటిసంది నా దిక్కు తిరిగిండు. ఆడోళ్ళు ఒక్కలే పోయినా భయపడాల్సిన పని లేదు, చేతిల కాయితాలు ఉంటే వాళ్ళే సర్దుకుంటరు.

"మాది ఫిక్స్‌డ్ ప్రైస్ మేడం" అన్నడు. నేను రేటు మాట ఎత్తలే. మొత్తం ఎంతయితదో రాసియ్యి అన్న. రాసిచ్చిండు: బండి 4,58,000, ఆర్సీ ట్రాన్స్‌ఫర్, హ్యాండ్లింగ్ 14,000, జీఎస్టీ అదనం అని కింద ఒక లైను. ఆ జీఎస్టీ గురించి తెలుసుకొని పోండి. 2024 డిసెంబర్‌ల జైసల్మేర్ జీఎస్టీ కౌన్సిల్ మీటింగుల చిన్న పాత కార్ల మీద 12 నుంచి 18 శాతానికి పెంచిన మాట నిజమే, గని అది షోరూం వాళ్ళ మార్జిన్ మీద, అంటే వాళ్ళు కొన్న రేటుకు మనకు అమ్మే రేటుకు మధ్యల ఉన్న పైసల మీద, బండి మొత్తం రేటు మీద కాదు. అది మీ లాభం మీద పన్ను, చెప్పిన రేటుల్నే ఉండాలె అన్న. ఆ లైను కొట్టేసిండు, ఏం వాదించలే.

తర్వాత ఒక్కొక్కటి బల్ల మీద పెట్టిన. వెనుక టైర్లు 2018 వి, ఒక్కోటి నాలుగు వేల పైనే. ఫెండర్ క్లెయిమ్ మీ రిపోర్ట్‌ల లేదు. కొత్తదాని కొటేషన్ ఇది. నేను 4,10,000 అన్న. వాళ్ళు 4,50,000 అన్నరు. మేనేజర్ వచ్చిండు, టీలు తెప్పిచ్చిండు, మంచిగనే మాట్లాడిండు, "మేడం 4,42,000, మా దగ్గర లోన్ తీస్కుంటే ఇంకో పదివేలు తగ్గిస్త, వడ్డీ 8 శాతమే" అన్నడు.

ఆ 8 ఫ్లాటా రెడ్యూసింగా అని అడిగిన. ఫ్లాట్ అన్నడు. అక్కడ్నే లెక్క చేసిన. 3 లక్షలు, నాలుగేండ్లు, ఫ్లాట్ 8 అంటే అసలు తగ్గుతున్నా మొదటి 3 లక్షల మీదనే చివరిదాక వడ్డీ, 96,000 అయితది, నెలకు 8,250. రెడ్యూసింగ్ లెక్కల, అంటే తగ్గే అసలు మీదనే వడ్డీ వేసి చూస్తే అది 14 శాతం పైనే. నా జీతం పడే బ్యాంకుల 11 శాతం రెడ్యూసింగ్ అని ముందే కనుక్కున్న, దానికి వడ్డీ మొత్తం 72 వేల చిల్లర. పదివేలు తగ్గించినట్టు చేసి 24 వేలు గుంజుతరన్నట్టు. పిల్లలకు సాధారణ వడ్డీ, తగ్గే అసలు మీద వడ్డీ తేడా చెప్పేటప్పుడు ఇప్పుడు నేను ఇదే లెక్క బోర్డు మీద వేస్తున్న.

ఆ రోజు తెగలే. ఫోన్ నంబర్ ఇచ్చి లేచి వచ్చినం. మళ్ళ నెలాఖరుకు వాళ్ళే ఫోన్ చేసిన్రు, వాళ్ళకు నెల టార్గెట్లు ఉంటయి కదా. ఆఖరికి తెగింది ఇట్ల: 4,28,000, ఆర్సీ ట్రాన్స్‌ఫర్ అండ్ల్నే, హ్యాండ్లింగ్ లేదు, వెనుక రెండు కొత్త టైర్లు, వారంటీ ఆరు నెలలది ఏడాది. వారంటీ కాయితం మొత్తం చదివిన, ఇంజన్, గేర్‌బాక్స్ వరకే, క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ రావు. క్లచ్ కొంచెం పైన పట్టుతుందని మా మెకానిక్ తమ్ముడు ముందే చెప్పిండు, దాన్ని వాళ్ళతోని చేయించమని అడిగితే ఒప్పుకోలే, నేను కూడ అక్కడ విడిచిపెట్టిన.

పైసలు కట్టేముందు కాయితాల పని ఇంకా ముఖ్యం. ఎం పరివాహన్ అనే గవర్నమెంట్ యాప్‌ల నంబర్ కొట్టి చూస్తే హైపోతికేషన్ (బండి మీద లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు) దగ్గర ఇంకా పాత ఓనర్ బ్యాంకు పేరే ఉంది. లోన్ తీరిపోయిందని షోరూం వాళ్ళన్నరు, తీరితే సరిపోదు, బ్యాంకు ఎన్ఓసీ (బాకీ లేదనే కాయితం), సంతకం పెట్టిన ఫారం 35 ఇస్తేనే ఆర్టీఏల ఆ పేరు పోతది, అది పోతేనే ఫారం 29, 30 మీద మన పేరుకు మారుతది. టోకెన్ ఐదు వేలే ఇచ్చిన, ఎన్ఓసీ రాకపోతే వాపస్ అని రసీదు మీద రాయించుకున్న, అది కూడ కంపెనీ అకౌంట్‌కే వేసిన, అబ్బాయి సొంత ఫోన్ పే నంబర్ ఇస్తే వద్దన్న. పోలీసుల ఈ చలాన్ సైట్ల మూడు పెండింగ్ ఉంటే వాళ్ళతోనే కట్టించి రసీదు తీస్కున్న. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లకు ఆర్టీఏ ఆథరైజేషన్ ఉండాలె, అది కూడ అడిగి చూసిన, ఉంది.

ఒక్క షరతు మీద మాత్రం నేను అస్సలు దిగలే. నా చేతి పైసలల్ల 10,000 ఆపుకుంట, యాప్‌ల నా పేరు కనపడ్డనాడు కడ్త అన్న. మేనేజర్ "మా దగ్గర అట్ల ఉండదు" అన్నడు చానా సేపు. మా కొలీగ్ ఒకామె బండి కొని ఏడాది అయినా ఆర్సీ పాత ఓనర్ పేరు మీదనే ఉంది, ఫోన్ చేస్తే ఎత్తరు, రేపు ఏదన్న యాక్సిడెంట్ అయితే ఆ పాతాయనకు, ఈమెకు ఇద్దరికీ తిప్పలే. అందుకే నేను కూసున్న కాడ కూసున్న. ఒప్పుకొని ఇన్వాయిస్ మీద రాసిచ్చిండు.

డెలివరీ తీస్కున్ననాడు రెండో తాళం, సర్వీస్ బుక్కు, జాకీ, పానా అన్నీ చూసుకున్న. కొత్త టైర్ల మీద కూడ ఆ నాలుగంకెలు చూసిన. పాత ఓనర్ ఫాస్టాగ్ అద్దం మీద నుంచి పీకేయించిన, లేకపోతే పంతంగి టోల్ కాడ ఆయన ఖాతాల కట్ అయితది. ఆ రోజు టోల్‌కు యూపీఐతోని ఒకటింబావు రెట్లు కట్టినం, క్యాష్ అయితే డబుల్ పడుతుండె. ఇన్సూరెన్స్ 14 రోజులల్ల మన పేరుకు మార్చుకోవాలె, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ఇచ్చే తగ్గింపు) మనకు రాదు, ఆ తేడా మనమే కట్టాలె, నేను నల్గొండల ఆఫీసుకు పోయి కట్టి మార్పించుకున్న.

ఆర్సీ నా పేరు మీదకు వచ్చింది, కింద నా బ్యాంకు హైపోతికేషన్ తోని. యాప్‌ల పేరు కనపడంగనే స్క్రీన్‌షాట్ మేనేజర్‌కు పంపి ఆ పదివేలు కొట్టేసిన, కొత్త ఫాస్టాగ్ కూడ తీస్కున్న. క్లచ్ ప్లేట్ ఎండకాలం సెలవులల్ల మార్పిద్దామని మెకానిక్ తమ్ముడు అన్నడు, అందాక నడుస్తదట.