రోజుకి ఎంత?

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము 104, అంటే మామూలే. ఏడు నెలల కిందట అదే 612.

నాకు 69 ఏళ్ళు, గుంటూరు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. రెండేళ్ళుగా కుడి మోకాలి కింద ఎముక రాత్రిళ్ళు సలుపు. కాలు వంకర తిరుగుతోందని మా ఆవిడ అంటే వయసన్నాను. షుగరు పరీక్షలతో పాటు ప్యాకేజీలో వచ్చిన లివర్ టెస్టులో ఆ 612 బయటపడింది.

కొత్తపేటలో ఒక లివర్ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. గదిలోనే బెంచీ మీద తర్వాతి పేషెంట్లు ఇద్దరు. అందులో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడే. డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండా "రోజుకి ఎంత?" అన్నాడు. నడక గురించనుకుని "రెండు కిలోమీటర్లండీ" అన్నాను. వెనక కిసుక్కున నవ్వు. "మందు సంగతి అడుగుతున్నా పెద్దాయనా!" ముట్టనన్నాను. "అందరూ ఇదే చెప్తారమ్మా, మీరైనా నిజం చెప్పండి" అని మా ఆవిడ వైపు తిరిగాడు.

ముప్పై ఆరేళ్ళ సర్వీసులో టీ తప్ప ఎరగను. స్టాఫ్ పార్టీల్లో గ్లాసు ఎదురుగా పెట్టినా లేచొచ్చినవాణ్ణి. ఆటోలో ఆవిడ మాట్లాడలేదు. రాత్రి దీపం ఆర్పాక అడిగింది: "ఎప్పుడైనా, స్నేహితులతో..." డాక్టరును క్షమిస్తానేమో గానీ, ఆ ప్రశ్న పుట్టించినందుకు క్షమించను.

ఆ ఫాస్ఫటేజ్ లివర్ నుంచీ వస్తుంది, ఎముక నుంచీ వస్తుంది. లివర్‌దైతే జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము కూడా పెరగాలి. నాది మామూలే. మిగతా లివర్ లెక్కలూ మామూలే. ఆ చిన్న పరీక్ష ముందే రాసి ఉంటే నా పరువు దక్కేది.

మా అమ్మాయి విజయవాడ సూర్యారావుపేటలో ఎముకల డాక్టరుకి చూపించింది. ఆయన రెండు కాళ్ళ మీదా చెయ్యేసి "కుడిది వేడిగా ఉంది, చూశారా?" అన్నారు. ఎక్స్‌రేలో ఎముక మందమై విల్లులా వంగి ఉంది. పాజెట్స్ జబ్బట, మన దగ్గర అరుదు. పాత ఎముక కరగడం, కొత్తది కట్టడం రెండూ హడావిడిగా సాగుతాయి. గోడ లావే, పటుత్వం సున్నా. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకి పాకినా ఇలాగే కనబడొచ్చని పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష కూడా చేయించారు. ఫలితం వచ్చేదాకా రెండు రాత్రులు నిద్ర లేదు. బోన్ స్కాన్‌లో సూది వేశాక మూడు గంటలు మంచినీళ్ళు తాగుతూ కూర్చోవడమే పని.

మందు జోలెడ్రానిక్ యాసిడ్, 5 మిల్లీగ్రాములు, ఒక్క సెలైన్. అంతకు ముందు కిడ్నీ, కాల్షియం, విటమిన్ డి, పళ్ళు చూపించుకోవాలి. పీకించుకోవాల్సిన పన్నుంటే ముందే పీకించుకోండి, తర్వాతైతే దవడ ఎముకకి ముప్పు. మర్నాడు జ్వరం, ఒళ్ళునొప్పులు. పారాసెటమాల్‌తో రెండ్రోజుల్లో తగ్గాయి. సలుపు పోయింది. వంకర మాత్రం అలాగే ఉంటుందట.

ఇవాళ పొద్దున ఈ రిపోర్టు పట్టుకుని కొత్తపేట వెళ్ళాను. కాంపౌండరు మళ్ళీ ఓపీ ఫీజు కట్టమన్నాడు. వెనక్కొచ్చేశాను.