ఇంకొక్క ముద్ద అనని ఇల్లు

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోబోతున్నానని ఇంట్లో చెప్పినప్పుడు మత్తు గురించో, కోతల గురించో ఎవరూ అడగలేదు. "మరి తిండెలా?" అన్నారు. అమ్మ అదే అడిగింది, అత్తయ్య అదే అడిగారు, నెల్లూరు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ అదే అడిగింది. మా తెనాలి వైపు ప్రేమంతా వడ్డనలోనే కనిపిస్తుంది. అలిగినవాళ్లని బతిమాలి తినిపిస్తాం, జ్వరం తగ్గినవాళ్లకి చారన్నం మెత్తగా పిసికి పెడతాం, ఊరెళ్లేవాళ్లకి పచ్చడి సీసాలు కట్టిస్తాం. "ఇంకొక్క ముద్ద" అనకుండా భోజనం పెట్టే అమ్మని గానీ అత్తగారిని గానీ నేను చూడలేదు. డాక్టర్లు చేయాల్సింది డాక్టర్లు చేశారు. ఆ తర్వాత నన్ను నిలబెట్టింది మాత్రం, ఆ ఒక్క మాట మానుకోవడానికి మా ఇంట్లోవాళ్లు పడ్డ పాట్లే.

అప్పుడు నా వయసు 43. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, అంటే ఎత్తుకి తగ్గ బరువేనా అని చూసే లెక్క, బీఎంఐ, 45కి ఒక పిసరు తక్కువ. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతి మేడ మీద. మెట్లెక్కాక ఆయాసం తగ్గేదాకా గుమ్మంలోనే నిలబడి హాజరుపట్టీ తిరగేస్తున్నట్టు నటించేదాన్ని. పిల్లలకి తెలుసు, తెలీనట్టే ఉండేవాళ్లు. షుగరుకి ఇన్సులిన్, నిద్రలో ఊపిరి ఆగకుండా రాత్రంతా ముక్కుకి మాస్కు, పక్కన మిషను చప్పుడు. మోకాళ్ల సంగతి సరేసరి.

"నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకోవడం ఎందుకమ్మా" అన్నవాళ్లు బోలెడు మంది. నోరు కట్టుకోవడం నాకు తెలియని విద్యేం కాదు. అన్నం మానేసి కొర్రలు తిన్నాను. ఉత్త గుడ్లు, పనీరు, నెయ్యితో నెలలు గడిపాను. తెల్లారుతూనే నిమ్మరసం, తేనె తాగాను. ప్రతిసారీ తగ్గాను, ప్రతిసారీ తగ్గినదానికంటే ఎక్కువ వచ్చి చేరింది. ఎందుకలా అవుతుందో సర్జన్ చెప్పాక గానీ తెలీలేదు. బరువు తగ్గుతున్నకొద్దీ ఒళ్లు దాన్ని కరువు కింద లెక్కేస్తుందట. ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గిస్తుంది, పోయింది తిరిగి రాబట్టుకునేదాకా ఊరుకోదు. అది నా చేతగానితనం కాదని ఒక డాక్టరు నోట వినడం అదే మొదలు.

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయంలో మూడొంతులకి పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సన్నటి గొట్టంగా ఉంచుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే, కాబట్టి చోటుతో పాటు ఆకలి కూడా తగ్గుతుంది. గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకి స్లీవ్ తర్వాత అది ముదిరే వీలుంది, వాళ్లకి గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఇంకో రకం పొట్ట ఆపరేషన్ నయమంటారు. నాకు ఎండోస్కోపీలో అలాంటిదేమీ కనబడలేదు.

ఖర్చు గురించి ఒక మాట. మావారి ఆఫీసు ఇన్సూరెన్సు మొదట కుదరదంది. పాలసీ కాగితాల్లో ఊబకాయం గురించి ఒక క్లాజు ఉంటుంది, చాలామంది దాకా అది చేరదు. 18 ఏళ్లు నిండి, డాక్టరు సిఫారసు చేసి, వేరే పద్ధతులు ఫలించక, బీఎంఐ 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఇవ్వాలి. 35 నుంచి 40 లోపు ఉన్నవాళ్లకైతే అదుపులో లేని షుగరు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండెజబ్బు లాంటివి తోడుండాలి. వెయిటింగ్ పీరియడ్ వేరే. మావారు ఆ పేజీని పసుపు రంగు పెన్నుతో గీసి మళ్లీ పంపించారు, అప్పుడు ఒప్పుకున్నారు. ఆయన మాటలతో ధైర్యం చెప్పే మనిషి కాదు. కాగితాలతో చెబుతారు.

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు, గుండె పరీక్షలు, నిద్ర పరీక్ష అయ్యాక సైకాలజిస్టు దగ్గరకి పంపారు. నాకు పిచ్చేమైనా ఉందా అని చూస్తారు కాబోలనుకున్నాను. ఆవిడ నన్ను అడిగిందంతా కోపమొస్తే ఏం తింటారు, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం తింటారు అని. తర్వాత మావారిని, అత్తయ్యని లోపలికి పిలిచి, "ఈవిడ కంచంలో వదిలేసి లేచిపోతే మీకెలా ఉంటుంది?" అని అడిగింది. మావారు ఏదో నసిగారు. అత్తయ్య మాత్రం ఉన్నమాట చెప్పారు. "నన్ను కాదన్నట్టు ఉంటుందమ్మా." ఆవిడ అది రాసుకుని, ఆ నెలంతా నాతోపాటు అత్తయ్యని కూడా రమ్మంది. నా ఆపరేషన్‌కి కౌన్సెలింగ్ మా అత్తయ్యకి జరిగిందని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం. అంతకంటే మంచి పని ఆ ఆసుపత్రిలో మరొకటి జరగలేదని నా అభిప్రాయం.

ముందు రెండు వారాలు ప్రోటీన్ పాలు, సూపు, మజ్జిగే. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ జీర్ణాశయం మీద పరుచుకుని ఉంటుంది, అది కాస్త చిక్కితేనే సర్జన్‌కి లోపల చోటు దొరుకుతుంది. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు, మెలకువ వచ్చేసరికి భుజంలో నొప్పి. కోత పొట్టలో అయితే నొప్పి భుజంలో ఏమిటని కంగారుపడ్డాను. లోపలికి నింపిన గ్యాస్ వల్ల అలా ఉంటుందని, నడిస్తే పోతుందని సిస్టరమ్మ ఆ సాయంత్రమే లేపి వరండాలో నడిపించింది. కాళ్లకి బిగుతు మేజోళ్లు, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు, మూడు బంతులున్న గొట్టంతో ఊపిరి కసరత్తు. డిశ్చార్జి కాగితం మీద కొన్ని మాటల కింద ఎర్రగీత గీసి ఇచ్చారు: జ్వరం, తగ్గని గుండెదడ, పెరిగే కడుపునొప్పి, నీళ్లు కూడా నిలవని వాంతులు. వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దన్నారు. లోపల జీర్ణాశయానికి కుట్లు వేసినచోట లీకైతే ముందుగా కనబడే గుర్తులివే. మావారు ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించారు.

ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పు, దగ్గుమందుతో వస్తుందే, అదే. దానితో నీళ్లు, అదీ ఒక్క గుటకలో కాదు, చప్పరిస్తూ. రోజుకి లీటరున్నర లోపలికి పోవాలి. మా పాప ఫోన్లో అలారాలు పెట్టి, మోగినప్పుడల్లా వచ్చి కప్పు చేతికిచ్చేది. "అమ్మా, గుటక" అనేది, అంతే. అత్తయ్య కందిపప్పు ఉడికించి, మీది తేట పలచటి బట్టలో వడగట్టి, చిటికెడు ఉప్పేసి తెచ్చేవారు. మిరపకాయ లేదు, తాలింపు లేదు, ఇంగువ లేదు. జీవితంలో ఆవిడ అలాంటి వంట చేసి ఉండరు. అరకప్పు తాగి చాలన్నాను. ఆవిడ నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు. నోటిదాకా వచ్చిన మాట ఏమిటో నాకు తెలుసు.

రెండో వారంలో బాగా కుంగిపోయాను. ఆకలి లేదు, కానీ తినాలని ఉంది. ఈ రెండూ వేరని అప్పటిదాకా నాకు తెలీదు. దిగులుగా ఉంటే డబ్బాలో చెయ్యి పెట్టి జంతిక నోట్లో వేసుకునే దారి మూసుకుపోయింది, ఇంకో దారి ఇంకా తెరుచుకోలేదు. "పాజిటివ్‌గా ఉండండి మేడమ్" అని స్టాఫ్‌రూమ్ నుంచి మెసేజ్‌లు, పువ్వుల బొమ్మలతో. వాళ్లది మంచి మనసే, కానీ ఆ మాట వింటే ఒళ్లు మండేది. ఒకరోజు డాబా మీద నుంచి పెసరట్టు వాసన. నా కంట పడకూడదని మావారు, పాప పైన కూర్చుని దొంగల్లా తింటున్నారు. ఓపిక తెచ్చుకుని మెట్లెక్కాను. నన్ను చూడగానే పాప అట్టు వీపు వెనక దాచేసింది. అప్పుడొచ్చింది నవ్వు, కుట్లు లాగినంత నవ్వు. "కిందికి రండి, నా ఎదురుగానే తినండి, నేను ఇంట్లో మనిషినే" అన్నాను. ఆ రాత్రి నుంచి అందరం కలిసే కూర్చున్నాం, నా ముందు కప్పుతో సహా.

ఆసుపత్రివాళ్లు ఒక నంబరిచ్చారు, నాకంటే ముందు ఇదే ఆపరేషన్ అయిన గుడివాడ ఆవిడది. అక్కా అని పిలిచేదాన్ని. నెల కావస్తుండగా బరువు చూసే మిషను మీద ముల్లు కదలడం మానేసింది. చేసినదంతా వృథా అయిందని ఏడుస్తూ ఫోన్ చేశాను. "నీక్కూడా వచ్చిందా? నాకూ వచ్చింది, అందరికీ వస్తుంది. ముందు పోయింది చాలావరకు నీరు, ఇప్పుడు ఒళ్లు సర్దుకుంటోంది. ఆ మిషను తీసి అటక మీద పెట్టించు" అంది. పెట్టించాను. ఆవిడ చెప్పినట్టే కొన్నాళ్లకి మళ్లీ కదిలింది. డాక్టరు కూడా ఇదే చెప్పి ఉండేవారు, కాదనను. కానీ "నాకూ" అన్న మాట ఆయన అనలేరు కదా.

మెత్తటి తిండి మొదలైన రోజు అత్తయ్య బీరువా తీసి, పాప అన్నప్రాసన నాటి వెండిగిన్నె, చిన్న చెంచా తోమి తెచ్చారు. అందులో బాగా గిలకొట్టి ఉడికించిన గుడ్డు. పెద్ద కంచంలో రెండు చెంచాలు చూస్తే ఆవిడకి కడుపు తరుక్కుపోతుందట, ఈ గిన్నెలో అయితే నిండుగా కనిపిస్తుందట. నాకూ అలాగే అనిపించింది. మొదట ప్రోటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే అన్నం. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ పూర్తి కావాలి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. చాలు అని పొట్ట చెప్పే తీరు కూడా మారిపోయింది. నాకు ముక్కు కారుతుంది, ఎక్కిళ్లు వస్తాయి. ఆ తర్వాత ఒక్క ముద్ద లోపలికి పోయిందా, ఛాతీలో పట్టేసి బయటికొచ్చేదాకా నిలవనివ్వదు. మొదట్లో నా ముక్కు కారడం నాకంటే ముందు అత్తయ్య పసిగట్టేవారు. "చాలమ్మాయ్, లే" అనేవారు. ఆవిడ నోట ఆ మాట!

షుగరు అన్నిటికంటే ముందు దిగొచ్చింది. బరువు పెద్దగా తగ్గకముందే ఇన్సులిన్ ఆపేశారు. ఆపరేషన్ తర్వాత పేగుల హార్మోన్లలో వచ్చే మార్పు వల్ల అలా అవుతుందని చెప్పారు. కొన్ని నెలలకి నిద్ర పరీక్ష మళ్లీ చేసి ముక్కు మిషను కూడా తీసేయమన్నారు. మిషను లేని మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి మావారికే నిద్రపట్టలేదు.

నాలుగో నెలలో జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన నిండా, దిండు మీద, స్నానాలగదిలో. బరువు వేగంగా తగ్గినవాళ్లకి ఇది మామూలేనని, మళ్లీ వస్తుందని ముందే చెప్పారు. తెలిసినా బాధ బాధే. దానికి తోడు చుట్టాలు. "మొహం పీక్కుపోయింది, ఏదైనా పెద్ద జబ్బా?" అని నన్ను కాదు, మా అమ్మని పక్కకి పిలిచి అడిగేవారు. లావుగా ఉన్నప్పుడు ఒక మాట, తగ్గాక ఇంకో మాట.

అప్పుడే పొన్నూరులో పెళ్లి. భోజనాల బంతిలో నా విస్తట్లో పెరుగు, రెండు చెంచాల పప్పు, ఒక గుడ్డు. మావారి పెద్దమ్మ బూరెల బుట్ట పట్టుకుని వచ్చింది. వద్దంటే వినదు. "ఒక్కటి తింటే ఏమవుతుందే, పెళ్లిలో కాదనకూడదు" అని చెయ్యి జాపింది. పక్కనున్న అత్తయ్య తన చెయ్యి నా విస్తరికి అడ్డం పెట్టారు. "అక్కా, అది నాకు వెయ్యి. అమ్మాయికి సరిపోయింది" అన్నారు. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. అత్తయ్య బూరె తింటూ, నా జీర్ణాశయం ఎంత ఉంటుందో ఆవిడకి అరచేతి మీద గీసి చూపించారు. బంతి లేచేసరికి చుట్టూ నలుగురు చేరారు.

ఏడాదిన్నరకి 76 కిలోలకి వచ్చాను. అక్కడే ఆగలేదు, ఈమధ్య మూడు కిలోలు పెరిగాను. ఆకలి కొంత తిరిగొచ్చింది, వస్తుందని ముందే చెప్పారు. డైటీషియన్ తిట్టలేదు, నేను రాసుకొచ్చిన వారం తిండి చూసి సాయంత్రం బిస్కెట్ల దగ్గర వేలు పెట్టింది. పొట్ట, జబ్బల కింద చర్మం వేలాడుతుంది, పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంటున్నాను. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జన్మంతా తప్పవు. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకూడదు. ఏటా రక్తపరీక్ష.

ఇప్పుడు ఆసుపత్రివాళ్లు నా నంబరు కూడా కొత్తవాళ్లకి ఇస్తున్నారు. మొన్న నరసరావుపేట నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. వచ్చే నెల ఆపరేషనట. నొప్పి గురించి అడుగుతుందనుకున్నాను. "ఆంటీ, ఆవకాయ మళ్లీ తినొచ్చా?" అంది. మొదటి నెలల్లో కారం జోలికి పోవద్దని, తర్వాత డాక్టరు సరేనంటే మెల్లగా, కొంచెం కొంచెంగా మొదలెట్టొచ్చని, నేను తింటున్నానని చెప్పాను. వెనక నుంచి ఎవరో "ఏం తింటావో ఏమో తల్లీ, చిక్కి శల్యమైపోతావ్" అంటున్నారు.

"ఎవరమ్మా ఆ మాట్లాడేది?"

"మా అమ్మ, ఆంటీ."

"ఫోన్ ఆవిడకివ్వు. మా అత్తయ్య మాట్లాడతారట" అన్నాను.