ఏ పేజీలో పోయింది?

నా ఎం.ఏ. ప్రాజెక్టు సినాప్సిస్, అంటే ఏం రాయబోతున్నానో చెప్పే ముసాయిదా, మొదటిసారి తిరిగొచ్చినప్పుడు దాని మీద ఎర్ర పెన్నుతో రెండే మాటలున్నాయి: "ఏ పేజీలో?"

నేను ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ దూరవిద్యలో ఇంగ్లీష్ ఎం.ఏ. చేశాను. చివరి సెమిస్టర్‌లో ఒక పేపరుకి బదులు ప్రాజెక్టు రాయొచ్చన్నారు. పరీక్ష హాల్లో మూడు గంటలు కూర్చోవడం కంటే ఇంట్లో కూర్చుని అరవై పేజీలు రాసుకోవడం నయం కదా అనుకున్నాను. అంశం కూడా తేలిగ్గానే దొరికింది: సాహిత్యంలో బాల్యపు అమాయకత్వం పోవడం. ఎక్కడ చూసినా ఉన్నదే కదా. దీవిలో చిక్కుకున్న ఇంగ్లీష్ స్కూలు పిల్లల దగ్గర్నుంచి బెంగాల్ పల్లెలోని అక్కాతమ్ముళ్ళ దాకా ఏడు నవలలు జాబితా వేసి, పదిహేను పేజీల సినాప్సిస్ పంపాను.

గైడు మేడం ఫోన్ చేశారు. "అమాయకత్వం పోతుంది, పోతుంది అని పదకొండు సార్లు రాశావమ్మా. లెక్కపెట్టాను. ఒక్క పుస్తకం తీసుకుని, ఏ పేజీలో పోయిందో నాకు చూపించు."

అదెంతసేపు అనుకున్నాను. ఆ ఆదివారమంతా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా ఒక్క పేజీ కూడా ఖాయంగా చూపించలేకపోయాను. ఇదే అనుకున్న ప్రతిచోటా దానికి ముందు పేజీలోనే పిల్లవాడికి సగం సంగతి తెలిసిపోయి ఉండేది. లేదా చివరి పేజీ అయిపోయినా వాడికేమీ తెలిసేది కాదు. రెండోసారి పంపిన సినాప్సిస్ కూడా వెనక్కొచ్చింది. ఈసారి దాని మీద ప్రశ్న కూడా లేదు.

అప్పుడు ఏడు నవలల్నీ పక్కన పెట్టేశాను. ఇలాంటి ప్రాజెక్టు రాసేవాళ్ళెవరైనా ముందే చేయాల్సిన పని ఇది. ఎం.ఏ. ప్రాజెక్టుకి ఒక చిన్న కథ, రెండు చిన్న కవితలు చాలు, ఇంకా మిగిలిపోతాయి కూడా. నేను తీసుకున్నవి ఇంగ్లీష్ కవి విలియం బ్లేక్ రాసిన రెండు కవితలు, ప్రేమ్‌చంద్ 'ఈద్గాహ్' కథ. ఇంగ్లీష్ ఎం.ఏ.లో హిందీ కథేమిటని ఆఫీసులో ఒకాయన అభ్యంతరం పెట్టారు. తులనాత్మక అధ్యయనం అని శీర్షికలో చేర్చమన్నారు మేడం. చేర్చాక ఎవరూ అడగలేదు.

బ్లేక్ రెండు కవితలకీ పేరు ఒక్కటే, పొగగొట్టాలు ఊడ్చే పిల్లవాడు. మొదటిది 1789లో వచ్చిన సంపుటంలో ఉంది, రెండోది 1794 దాంట్లో. లండన్ ఇళ్ళ పొగగొట్టాలు కొన్ని 9 అంగుళాల వెడల్పే ఉండేవి, వాటిలోకి దూరి మసి దులపాలంటే చిన్న పిల్లలే కావాలి. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళని ఈ పనిలో పెట్టుకోకూడదని 1788లో చట్టం చేశారు, పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ పని నిజంగా ఆగడానికి 1875 దాకా పట్టింది. మొదటి కవితలో పిల్లవాడికి తల్లి లేదు, తండ్రి అమ్మేశాడు. ఊడుస్తాం (స్వీప్) అని వీధుల్లో అరవాల్సిన మాట వాడి నోట్లో సరిగ్గా పలకక, ఏడుపు (వీప్) అన్న మాటలా వినిపిస్తుంది. గుండు గీశారని ఏడ్చే ఇంకో పిల్లవాణ్ణి వాడు ఓదారుస్తాడు: జుట్టు లేకపోతే దానికి మసి అంటదు కదా అని. ఆ రాత్రి ఆ రెండోవాడికి కల వస్తుంది, నల్లటి శవపేటికల్లో బంధించిన పిల్లల్ని దేవదూత తాళం తీసి వదిలేసినట్టు. తెల్లారకముందే చీకట్లో లేచి, బుద్ధిగా పనిలోకి వెళ్తారు.

రెండో కవితలో పిల్లవాడికి అన్నీ తెలుసు. అమ్మానాన్నలు చర్చికి వెళ్ళారని, తనకి చావు బట్టలు తొడిగింది వాళ్ళేనని మంచులో నిలబడి చెబుతాడు. అయినా తను ఆడతాడు, పాడతాడు, అందుకే తనకి ఏ అన్యాయమూ చేయలేదని వాళ్ళు అనుకుంటున్నారట. ఈ చివరి మాట దగ్గర నేను రెండు వారాలు ఆగిపోయాను. అన్నీ తెలిసిపోయిన పిల్లవాడు కూడా ఆడుకుంటాడు. అలాంటప్పుడు పోయిందేమిటి?

'ఈద్గాహ్' మాకు హిందీ పాఠం. నాలుగైదేళ్ళ హామిద్, చేతిలో మూడు పైసలు. ఈద్ మేళాలో మిగతా పిల్లలు మట్టి బొమ్మలూ మిఠాయిలూ కొంటారు. వీడు నానమ్మ అమీనాకి రొట్టెలు కాల్చేటప్పుడు వేళ్ళు కాలుతున్నాయని పట్కారు కొంటాడు. కొట్టువాడు ఆరు పైసలంటాడు, ఐదుకి దిగుతాడు, చివరికి మూడుకే ఇస్తాడు. (మా ఇంట్లో రొట్టెల అలవాటు లేదు. పట్కారు అంటే గిన్నెలు దింపేదే. అదీ మా అమ్మమ్మకి నచ్చేది కాదు, మసిగుడ్డే వాడేది. అందుకని చిన్నప్పుడు నాకు ఈ కథలో అంత ఏడవాల్సింది ఏముందో అర్థం కాలేదు.)

నా మొదటి చిత్తులో, హామిద్ అమాయకత్వం ఆ ఇనుప సామాన్ల కొట్టు దగ్గర పోయిందని రాశాను. మేడం మళ్ళీ అదే అడిగారు, "పోయిందా?" తిరిగి చదివాను. కొట్టు దాటగానే హామిద్ ఆ పట్కారుని తుపాకీలా భుజాన వేసుకుని నడుస్తాడు. దాని ముందు మీ బొమ్మలెంత అని వాదించి అందరినీ ఓడిస్తాడు. నాన్న డబ్బు సంపాదించడానికి వెళ్ళాడనీ, అమ్మ అల్లా ఇంటి నుంచి మంచి మంచి వస్తువులు తేవడానికి వెళ్ళిందనీ నానమ్మ చెప్పింది వాడు నమ్ముతున్నాడు. కథ అయిపోయేదాకా ఆ నమ్మకం చెదరదు. బాధ్యత వచ్చింది, అమాయకత్వం అలాగే ఉంది. పైగా చివర్లో పసిపిల్లలా ఏడ్చేది అమీనా. ముసలి అమీనా చిన్న పిల్ల అయిపోయిందని ప్రేమ్‌చంద్ తనే రాశాడు.

అప్పుడు మూడో అధ్యాయం మొత్తం కొట్టేసి, ఈ కథలో అమాయకత్వం పోలేదని రాశాను. పోయిందనిపించేది చదివే మనకి. వాడికి తెలియంది మనకి తెలుసు కాబట్టి. బ్లేక్ మొదటి కవిత కూడా అంతే.

ప్రేమ్‌చంద్‌కి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోయిందనీ, ఆ పొగగొట్టాల చట్టంలో కూడా ఎనిమిదేళ్ళేననీ ఒక పేరా రాసుకుని తెగ మురిసిపోయాను. మేడం దాన్ని అడ్డంగా కొట్టేశారు. అది తీసేసినందుకు నాకు ఇప్పటికీ కొంచెం బాధే.

ప్లేజియరిజం రిపోర్టు, అంటే మన రాత ఇతరుల రాతలతో ఎంత కలిసిందో చెప్పేది, 24 శాతం వచ్చింది. 10 దాటకూడదు. ఆ రాత్రి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. తీరా చూస్తే కవితల పంక్తులనీ రిఫరెన్సులనీ కూడా లెక్కలో వేశారు. వాటిని లెక్కలోంచి తీసేసి మళ్ళీ పెడితే 7. ఎవరికైనా ఇలా వస్తే ముందు ఆ సెట్టింగు చూడమనండి, ఏడవడం తర్వాత.

వైవా (మౌఖిక పరీక్ష) పది నిమిషాలు. ఎక్స్‌టర్నల్ సార్ మొదటి అధ్యాయం గురించే అడిగి, టీ తాగి వెళ్ళిపోయారు.

బైండింగ్ సంగతి చెప్పలేదు కదూ. అది వైవాకి ముందు. నాలుగు కాపీలు, నల్ల అట్ట, బంగారు అక్షరాలు. తీసుకోవడానికి వెళ్తే షాపులో ఒక పిల్లవాడు పుస్తకాల వీపులకి గమ్ రాస్తున్నాడు. పన్నెండు, పదమూడేళ్ళుంటాయేమో. నా కాపీలు ఇస్తూ, "మేడం, ఇన్నోసెన్స్‌కి మొదట్లో రెండు ఎన్‌లు కదా, ఇక్కడ ఒకటే పడింది" అన్నాడు. నిజమే. నాలుగు కాపీల మీదా ఒకటే. నేను పంపిన ఫైల్లోనే తప్పు.

మళ్ళీ అట్టలు వేయాలి, గంట పడుతుందన్నారు. స్టూలు మీద కూర్చున్నాను. ఏ క్లాసని అడిగితే ఎనిమిది అన్నాడు. షాపు వాళ్ళ బాబాయిదట, సెలవుల్లో వస్తున్నాడట. అరవై పేజీలు రాసిన దాన్ని, ఇంకేం అడగాలో తోచలేదు.

"ఈ డబ్బుల్తో ఏం కొంటావ్?"

చేతికంటిన గమ్ గీరుకుంటూ, "బ్యాట్" అన్నాడు. "ఎంఆర్ఎఫ్ స్టిక్కర్ ఉన్నది."