పిడికెడు బియ్యం

క్రైస్తవ కుటుంబాలలో ప్రార్థన అనగానే చాలామందికి ఆదివార ఆరాధనో, ఉపవాస కూడికో, రాత్రి భోజనానికి ముందు చాప పరచుకుని చేసే కుటుంబ ప్రార్థనో గుర్తుకు వస్తుంది. నాకు అన్నిటికంటే ముందు మా వంటింటి సత్తు డబ్బా గుర్తుకు వస్తుంది. అమ్మ పూటపూటకూ బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోనుంచి పిడికెడు తీసి, కళ్లు మూసుకుని, ఎవరో ఒకరి పేరు తలచుకుని ఆ డబ్బాలో వేసేది. “ప్రభువా, కాలు విరిగిన బావగారిని జ్ఞాపకం చేసుకో” అనేంత వరకే ఆ ప్రార్థన. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా అంతకన్నా వ్యవధి ఎక్కడిది? మైకులో అరగంట సాగే ప్రార్థనలను నేను తక్కువ చేయడం లేదు గాని, వాటిలో ఒక్కోసారి ఎవరి పేరూ వినబడదు.

బస్తాలోనుంచి విడిగా తీయకుండా, ఇంటిల్లిపాదికీ కొలిచిన బియ్యంలోనుంచే తీయడం అమ్మ పెట్టుకున్న నియమం. అంటే ఆ పూట మా కంచాలలో ఆ మేరకు తగ్గుతుంది. సారెపతు అనే ఊరి విధవరాలు తన దగ్గర మిగిలిన పట్టెడు పిండితోనే ముందుగా ఏలీయా ప్రవక్తకు రొట్టె చేసిపెట్టిన వృత్తాంతం బైబిలులోని మొదటి రాజుల గ్రంథం 17వ అధ్యాయంలో ఉన్నది. ఆ భాగం మీద ప్రసంగం విన్న ప్రతిసారీ నాకు ఆ డబ్బాయే కనిపిస్తుంది.

డబ్బాలో పోగైన బియ్యాన్ని ఆదివారం గుడ్డసంచిలో తీసుకువెళ్లి గుడిలోని గంపలో పోసేవారు. కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత ఇబ్బందిలో ఉన్నవారికి చేరేది. పండుగలకు ప్రేమ విందులో అదే వండేవారు. పాత బియ్యం, కొత్త బియ్యం, రేషన్ బియ్యం కలిసిపోవడం వలన ఆ అన్నం ఒకచోట పలుకుగా, ఒకచోట ముద్దగా ఉండేది. రుచికి అంత గొప్పది కాదని ఒప్పుకోవాలి. అయినా, ఏ ఇంటి గింజ ఎవరి విస్తరిలో పడిందో తెలియని ఆ అన్నం నాకు సంఘం అంటే ఏమిటో చెప్పింది.

ఇంగ్లాండు సంఘ సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా 1912లో అభిషేకం పొందిన అజరయ్యగారు డోర్నకల్ ప్రాంతంలో నిరుపేద కూలీలైన విశ్వాసులకు సైతం కానుక ఇవ్వడం నేర్పాలని పట్టుబట్టారు. పేదవాడిని ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే చూడటం అతనికి గౌరవం కాదన్న ఆ ఆలోచన నాకు నేటికీ సరైనదిగానే తోస్తుంది.

ఇప్పుడు హైదరాబాదులో మేము వెళ్లే సంఘంలో కానుకల సంచితోపాటు క్యూఆర్ కోడ్ కూడా ఉన్నది. దానిపై నాకు అభ్యంతరం లేదు. అయితే నెలకొకసారి ఫోనులో పంపిన మొత్తాన్ని ఆ నిమిషమే మరచిపోతాను; పూటపూటకూ తీసే పిడికిలి మరవనివ్వదు. అందుకే డబ్బా మా ఇంట్లో కూడా ఉన్నది, నిండినప్పుడు ఊరికి వెళ్లే బంధువుల చేతికి ఇస్తాము. ప్రస్తుతం మేము తలచుకునే పేర్లలో డయాలసిస్‌కు వెళ్తున్న పక్క ఫ్లాటు పెద్దాయన పేరు ఉన్నది. ఆయన క్రైస్తవుడు కాడు కనుక ముందుగా అడిగి, సరేనన్న తరువాతనే చేర్చాము. పనిలో పనిగా మనవడి ఉద్యోగం సంగతి కూడా చెప్పమన్నారు.